బొరుగులు వెయ్యని మిద్దె

పోయిన నెలలో ఒక ఉదయం, మోకాలికి కాపడం పెట్టించుకుని, వసారాలో మడతమంచం మీద కాలు చాపుకుని, మా అమ్మాయి ఇచ్చిన టాబ్లెట్‌లో గోల్ఫు ఆట ఆడుతూ ఉండగా, వేలు జారి, రెండేళ్లుగా నేనెన్నడూ ముట్టని ఒక గుర్తు మీద పడింది. దాని మీద కన్ను బొమ్మ ఉంటుంది. అది నొక్కితే ఏమవుతుందో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. బంతి వెనక నిలబడి చూస్తున్నట్టుండే తెర కాస్తా గిర్రున తిరిగి, గుంటకు అవతలి పక్క నుంచి బంతి వైపు చూస్తున్నట్టు ఆగింది. ఇవతల నుంచి చూసినప్పుడు గుంట వైపుకు పల్లంగా ఉందని ఒట్టేసి చెప్పగలిగిన నేల, అవతల నుంచి చూస్తే గుంట వైపుకు ఎగువగా ఉంది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాను. ఎగువగానే ఉంది. ఈలోపల నాకిచ్చిన గడువు అయిపోయి, బంతి కొట్టకుండానే ఓడిపోయాను. ఏ దేశంవాడో, ముక్కూమొహం తెలియని అవతలి ఆటగాడు చప్పట్లు కొడుతున్న బొమ్మ ఒకటి నాకు పంపించి వెళ్లిపోయాడు. నేను మాత్రం టాబ్లెట్టు ఒళ్లో పెట్టుకుని, మా ఆవిడ వచ్చి కాఫీ చల్లారిపోయిందని కేకలేసేదాకా, అట్లాగే కూర్చుండిపోయాను. ఓడినందుకు కాదు, ఓడటం నాకు అలవాటే. ముప్పై ఏళ్ల కిందట వాకాడు దగ్గర ఒక పల్లెలో, ఒక మిద్దె మీద, మా తమ్ముడు నాతో అన్న మాట గుర్తుకొచ్చింది.

నా ఈడువాళ్లకు ముందు ఈ ఆట సంగతి కాస్త చెప్పాలి. నేను నలభై ఏళ్లకు పైగా తాపీపని చేసినవాణ్ణి. మాది నాయుడుపేట. అక్కడి నుంచి సముద్రం దాకా ఉన్న పల్లెల్లో మిద్దెల మీద గచ్చు వెయ్యటమే నా ముఖ్యమైన పని. సిమెంటు దుమ్ము ఊపిరిలో చేరి, మోకాళ్లు అరిగి, ఇక మెట్లెక్కవద్దని డాక్టరు గట్టిగా చెప్పాక ఇంట్లో కూర్చున్నాను. పని మానుకుని ఇంట్లో కూర్చున్న మేస్త్రీ అంత చిరాకు మనిషి లోకంలో ఇంకొకడుండడు. ఎదురింటి ప్రహరీ వంకరని, మా గడప వంకరని, చివరికి మసీదు మెట్లు కూడా ఒక పక్కకు వాలాయని పొద్దస్తమానం సణుగుతూ ఉంటే, నా పోరు పడలేక మా అమ్మాయి తన పాత టాబ్లెట్టు తెచ్చి, అందులో ఈ ఆట పెట్టి నా చేతికిచ్చింది.

దూరంగా కొట్టే దెబ్బలు నాకు ఇప్పటికీ రావు, బంతి చెట్లలోకో నీళ్లలోకో పోతుంది. కానీ ఆ దెబ్బలన్నీ అయ్యాక, చివరికి గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక వస్తుంది, దాన్ని గ్రీను అంటారట. అక్కడ బంతిని గాల్లోకి లేపకుండా నేల మీదనే దొర్లించి గుంటలో వెయ్యాలి. ఆ నేల చూడటానికి బల్లపరుపుగా ఉంటుంది గానీ ఉండదు. ఎటు పల్లమో, ఎంత పల్లమో కనిపెట్టి, బంతిని గుంటకేసి కాకుండా కాస్త పక్కకు కొడితే, అది వాటానికి వంగి వచ్చి గుంటలో పడుతుంది. నేల ఎటు వాలిందో ఆ వాలునే మా పనిలో వాటం అంటాం. జన్మంతా నేను చేసింది ఆ వాటం చూడటమే కాబట్టి, నాలుగు రోజుల్లోనే ఈ ఆట నాకు బాగా పట్టుకుంది. ఈ వయసులో గోలీలాట ఏందయ్యా, చూసినోళ్లు నవ్విపోతారు అని మా ఆవిడ ఎత్తిపొడిచినా లెక్కచెయ్యలేదు.

అయితే మేస్త్రీ అయినవాడు మాత్రమే చెయ్యగల తప్పు ఒకటి నేను మొదట్లో చేస్తూ వచ్చాను. మిద్దె మీద వాన నీళ్లన్నీ తూము దగ్గరికి చేరాలి గదా. అందువల్ల నా కంటికి ఒక గుంట కనబడిందంటే, చుట్టూ ఉన్న నేలంతా దానివైపే వాలి ఉండాలి. ఆ ఆట తయారు చేసినవాళ్లకు ఆపాటి ఇంగితం లేదు. గుంటను తీసుకుపోయి మిట్ట మీద పెడతారు, వాలు మధ్యలో పెడతారు, ఒక్కోసారి నీళ్లన్నీ దానికి దూరంగా పోయే చోట పెడతారు. ఎవడో పని రాని మేస్త్రీ వేసిన గచ్చు, రేపు వానొస్తే వీడి గతి ఏమిటి అని తిట్టుకుంటూ, పాపం గుంట వైపుకు పల్లమే ఉంటుందని నమ్మి మెల్లగా తాకించేవాణ్ణి, బంతి సగం దారి పోయి, సిగ్గుపడి నా దగ్గరికే వెనక్కి వచ్చేది. ఎన్ని ఆటలు ఓడితే నాకు బుద్ధి వచ్చిందో చెప్పుకోను.

కొత్తవాళ్ల కోసం ఆ ఆటలో ఒక ఏర్పాటు ఉంది. గ్రీను మీద సన్నటి గళ్లు గీసి, వాటి మీద తెల్లటి చుక్కలు పాకిస్తారు. చుక్కలు ఎటు పాకితే అటు పల్లం, ఎంత వేగంగా పాకితే అంత పల్లం. నెల తిరక్కుండానే నేను వాటిని తీసెయ్యమన్నాను. మేస్త్రీకి చుక్కలెందుకు, కన్ను చాలదా అంటే మా అమ్మాయి నవ్వుకుని తీసేసింది. గొప్పకే తీసేయించాననుకున్నాను అప్పుడు. ఇప్పుడు ఆలోచిస్తే, వాటిని చూసినప్పుడల్లా నాకు ఎక్కడో గుచ్చుకునేదేమోనని అనుమానం. అవి అచ్చం నీళ్ల మీద పోయే బొరుగుల్లా ఉండేవి.

నాకు పని నేర్పింది మా మేనమామ. మా సాయిబుల వీధిలో సగంమంది దూదేకి పరుపులు కుట్టేవాళ్లు, మిగతా సగం తాపీ పట్టినవాళ్లు. ఆయన పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ తడిసిన పంచెతో ఉండేవాడు. బుడగ చూసి మట్టం కట్టే రసమట్టం ఉండేది గానీ దాన్ని గోడలకే వాడేవాడు. మిద్దె గచ్చు వేసి నునుపు తేలగానే, నాలుగు మూలలకూ పోయి, ఒక్కో మూలన మోకాళ్ల మీద వంగి, చెంప గచ్చుకు తగిలీ తగలనట్టు పెట్టి చూసేవాడు. దూరం నుంచి చూసేవాళ్లకు నమాజు చేస్తున్నాడేమో అనిపించేది. అది ఆరిన తరువాత అసలు పరీక్ష ఉండేది. ఎగువ నుంచి బిందెలతో నీళ్లు పోయించి, ఆ నీళ్ల మీద గుప్పెడు బొరుగులు, అదే మరమరాలు, చల్లేవాడు. బొరుగులు తేలుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ తూము దాకా ఆగకుండా పోతే పని అయినట్టు. ఎక్కడైనా ఒక్క గింజ తచ్చాడిందంటే, ఆ చోట బొగ్గుతో సున్నా చుట్టి, అంతవరకూ చెక్కించి మళ్లీ వేయించేవాడు. చాల్లే మేస్త్రీ, బాగానే ఉంది అని ఇంటివాళ్లు అన్నా వినేవాడు కాదు.

“నువ్వు ఒప్పుకుంటే చాలదు సామీ, నీళ్లు ఒప్పుకోవాల” అనేవాడు.

సంచిలో మిగిలిన బొరుగుల్లో వేయించిన శనగపప్పు, తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిరప కలిపి, ఆ తడి మిద్దె మీదనే కూర్చుని అందరం తినేవాళ్లం. ఇంటామె ఎవరైనా దయతలచి టీ కూడా పంపేది. ప్రతి ఇంటికీ ఆ చివరి రోజు మాకొక పండగ. ఈ కాలంలో అంత రుచిగా ఏదీ తిన్నట్టు నాకు గుర్తులేదు, నోరు మారిందో బొరుగులు మారాయో తెలియదు.

మా తమ్ముడు నాకంటే నాలుగేళ్లు చిన్న. ఇద్దరం ఆ మామ చేతికిందనే పెరిగాం. నేను చేతిపనిలో చురుకు, వాడు చేతిపనిలో నెమ్మది. కానీ వాడి కన్ను వేరు. నీళ్లు పొయ్యకముందే, బొరుగులు ఎక్కడ ఆగుతాయో వేలు పెట్టి చూపించేవాడు. అక్కడే ఆగేవి. వీడికి బొరుగులు దండగరా అని మామ మురిసిపోయేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఇప్పుడు దాచుకోవాల్సిందేమీ లేదు, నాకు వాడంటే అసూయగా ఉండేది. అదే సమయంలో వాడంటే ప్రాణంగానూ ఉండేది. రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఉంటాయని అడగకండి, అన్నదమ్ములున్నవాళ్లకు తెలుస్తుంది.

మామకు పక్షవాతం వచ్చి మంచం పట్టిన ఏడాది, మేస్త్రీగా నా పేరు మీద నేను ఒప్పుకున్న మొదటి పెద్ద పని వాకాడు అవతల, సముద్రం దగ్గర పల్లెలో ఒక రైతు ఇల్లు. పాత మిద్దెకు ఆనించి కొత్త గది కట్టుకున్నాడు. రెండు మిద్దెల మీదా కలిపి ఒకే గచ్చు వెయ్యాలి. తూర్పున మెట్లు, పడమటి కొసన తూములు. పాత మిద్దెకున్న పిట్టగోడ ఎప్పుడో మెట్ల వైపు కుంగింది, కొత్తగా పూత పూసి సున్నం కొట్టటంతో ఆ కుంగు ఎవరికీ కనిపించదు. నేను మెట్ల దగ్గర నిలబడి, ఆ పిట్టగోడ అంచును చూసుకుని దారం పట్టాను, ఆ దారాన్ని బట్టి పడమటి కొసన మా తమ్ముడు మట్టం గుర్తులు పెట్టాడు. సాయంత్రానికి గచ్చు వేసి నునుపు చేశాం. ఇంటి యజమాని, ఆయన తల్లి, ఊళ్లోవాళ్లు నలుగురు మిద్దెక్కి చూస్తున్నారు. మెట్ల దగ్గర నిలబడి నేను చెయ్యి చాపి చూపించాను. ఆ పిట్టగోడ పక్కన గచ్చు గీత గీసినట్టు తూముల వైపుకు వాలి కనిపిస్తోంది. అందరూ తలలూపారు. జీవితంలో మొదటిసారి నన్ను మేస్త్రీగారూ అన్నారు.

అప్పుడు పడమటి మూల నుంచి మా తమ్ముడు కేకేశాడు.

“అన్నా, ఆ పిట్టగోడను నమ్మబాక. ఒకసారి ఇటొచ్చి, సముద్రం గీత పెట్టుకోని చూడు. రెండు మిద్దెలు కలిసిన కాడ మిట్టయింది.”

ఆ మూలన వంగి తూర్పుకు చూస్తే, సరుగుడు తోపుల సందులోంచి సముద్రం, ఆకాశం కలిసే గీత కనిపిస్తుంది. ఎవరూ దాన్ని కుంగదీయలేరు, ఎవరూ పూత పుయ్యలేరు. వాడు చెప్పింది అంతే. గచ్చు ఇంకా పచ్చిగానే ఉంది, ఆ చోట చెక్కేసి మళ్లీ వేస్తే గంట పని. నేను మెట్ల దగ్గర నుంచి అవతలి మూలకు నడిచి పోవాలి, అంతకంటే ఏమీ లేదు. కానీ నలుగురు చూస్తున్నారు, ఇంకా మేస్త్రీగారూ అన్న మాట చెవిలోనే ఉంది, ఇంతలో నాకంటే చిన్నవాడు, నా చేతికింద పనిచేసేవాడు, నాకు మట్టం చెబుతున్నాడు.

“నువ్వు నాకు నేర్పొచ్చినావా? కిందికి దిగి తట్టలు కడుక్కోపో” అన్నాను.

వాడు దిగిపోయాడు. గచ్చు ఆరాక నీళ్లు పోద్దామని మళ్లీ అడిగాడు, సంచిలో బొరుగులు కూడా తెచ్చాడు. నాలుగో రోజే వాళ్ల గృహప్రవేశం, నీళ్లూ బొరుగులూ అంటూ కూర్చుంటే నా పనిని నేనే నమ్మనట్టు ఉంటుందని, అక్కర్లేదన్నాను. ఆ బొరుగులు ఎవరూ తినలేదు, సంచిలోనే ఇంటికి వచ్చాయి.

ఆ ఏడాది వాయుగుండం మా వైపే వచ్చింది. మూడు పగళ్లు, మూడు రాత్రులు తెరిపి లేని వాన. రెండు మిద్దెలు కలిసిన చోట ఆ మిట్ట అడ్డుపడి, దానికి ఇవతల చీలమండ లోతున నీళ్లు నిలిచి, అతుకులోంచి దిగి, కొత్త గదిలోకి కారాయి. ఆ గదిలో ఆ రైతు విత్తనాల వడ్లు దాచుకున్నాడు. వాన వెలిసి తలుపు తీస్తే బస్తాలకు బస్తాలు మొలకలెత్తి ఉన్నాయి. కబురొస్తే అన్నదమ్ములిద్దరం పోయాం. ఊరు ఊరంతా ఆ గుమ్మం ముందే ఉన్నట్టుంది. ఆ రైతు మంచివాడు, నోరు జారలేదు, తల పట్టుకుని కూర్చున్నాడు. వాళ్లమ్మ మాత్రం ఊరుకోలేదు.

“ఎవుర్రా ఈ మట్టం పెట్టింది?” అని అడిగింది.

నేను నోరు తెరిచి, ఆ కొసన మట్టం పెట్టింది మా తమ్ముడు అన్నాను. అది అబద్ధం కాదు, గుర్తులు పెట్టింది వాడే. దారం పట్టింది నేను. దారం మాట నేను ఎత్తలేదు. వాడు నా వైపు ఒక్కసారి చూసి, గోడకు ఆనించి ఉన్న పార తీసుకుని మొలకలొచ్చిన వడ్లు బయటికి ఎత్తిపొయ్యటం మొదలుపెట్టాడు. వాడు కాదన్నా, తిట్టినా, నా మీదికి వచ్చినా నేను ఆ పూటే ఒప్పుకునేవాణ్ణేమో. ఏమో. నన్ను నేను మంచిగా అనుకోవటానికి అట్లా అనుకుంటూ ఉంటాను.

పల్లెటూళ్లలో ఎగతాళి మాట పుట్టిందంటే దానికి కాళ్లొస్తాయి. ఫలానావాడు మట్టం పెడితే మిద్దె మీదనే నారు పోసుకోవచ్చట అని ఎవరో అన్నారు. నెల రోజుల్లో ఆ మాట నాయుడుపేట టీ అంగడిదాకా వచ్చింది. ఎక్కడ పని ఒప్పుకున్నా, తమ్ముణ్ణి మాత్రం మిద్దె ఎక్కించబాక అనేవాళ్లు, నేను సరేననేవాణ్ణి. ఏడాదిపాటు వాడు కిందనే ఉండి ఇసుక జల్లించాడు, సిమెంటు మాలు కలిపాడు. ఆ తరువాత ఒకరోజు, సంగంలో మా అత్తగారోళ్ల ఊరికి పోతా ఉండానన్నా, ఆడ రైసు మిల్లులో కాపలా పని ఉండాదంట అని చెప్పి, పెళ్లాన్ని, చంటిబిడ్డను తీసుకుని వెళ్లిపోయాడు. తాపీ మా ఇంట్లోనే వదిలేశాడు.

నా తప్పేనని తెలిసి వాడి మీదికి తోశానని మీరు అనుకోవచ్చు. అట్లాగయినా బాగుండేది. నిజమేమిటంటే, నేను నమ్మాను. నా దారం సరిగ్గానే ఉంది, వాడే గుర్తులు ఎత్తుగా పెట్టి ఉంటాడని నాకు నేను అన్నిసార్లు చెప్పుకున్నాను, చివరికి అదే జరిగినట్టు కళ్లకు కట్టింది. వాడూ నమ్మాడు, మిట్ట తన కంటికే కనబడిందని మరిచిపోయి, అది తన గుర్తుల వల్లే వచ్చిందని. అదీ అసలు ఘోరం. రంజానుకు, పెళ్లిళ్లకు కలిసేవాళ్లం, బాగానే మాట్లాడుకునేవాళ్లం. కానీ వాడు తన కన్నును తను నమ్మటం మానేశాడు. సంగంలో రెండు గదుల ఇల్లు కట్టుకుంటే పరాయి మేస్త్రీని పిలిచాడు, ఆ గచ్చు వేస్తున్నంతసేపూ వీధిలోనే నిలబడ్డాడు. మంచం వేసినా సరిగ్గా ఆనిందా అని పెళ్లాన్ని అడుగుతాడు. గోడకు గడియారం తగిలించి, పక్కింటివాణ్ణి పిలిచి వంకరగా ఉందా చూడమంటాడు. ఒకసారి మా ఆవిడ ఇది గమనించి, మీ తమ్ముడు ఎందుకట్లా అయిపోయినాడు అని అడిగితే, నీకేం తెలుసు ఊరుకో అని కసిరాను.

అందువల్ల, తెర అటు తిరిగిన ఆ ఉదయం, చల్లారిన కాఫీ తాగేసి, మా అమ్మాయిని పిలిచి ఆ చుక్కలు మళ్లీ పెట్టమన్నాను. ఆ గ్రీను మళ్లీ వచ్చేదాకా రెండు రోజులు ఆడాను. వచ్చింది. చుక్కలు గుంట దగ్గర బయలుదేరి, బుద్ధిగా, నా బంతి వైపుకు పాకి వచ్చాయి. ఆ గ్రీను వెనక ఒక కొండ గీశారు, అది ఒక పక్కకు ఏటవాలుగా ఉంది. నేను నేలను చూడటం లేదు, ఆ కొండను పట్టుకుని నేలను చూస్తున్నాను. పిట్టగోడను పట్టుకుని గచ్చును చూసినట్టే. రెండేళ్లలో ఎన్ని వందలసార్లో ఇట్లాగే ఓడిపోయి, వేలు సరిగ్గా తగల్లేదనో, ఆట మోసమనో అనుకున్నాను గానీ, అవతలి పక్కకు ఒక్కసారి కూడా పోయి చూడలేదు. అప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు. ఒళ్లంతా అలసటగా అనిపించింది, నలభై ఏళ్లు మోసిన తట్టలన్నీ ఒకేసారి నెత్తిమీదికి వచ్చినట్టు.

చెప్పాలా వద్దా అని వారం రోజులు నలిగాను. చెబితే వాడికేమొస్తుంది, చెప్పకపోతే వాడికేం పోతుంది అని ఇటూ అటూ అనుకుంటూ, తిండి కూడా సరిగా తినలేదు. మా ఆవిడతో అన్నాను. ఆమె, ఇంత మాట కడుపులో పెట్టుకోని అన్నం ఎట్లా తింటివయ్యా ఇన్నేళ్లు అని, లేచిపోయి, వాళ్లకోసం డబ్బాలో కజ్జికాయలు సర్దింది.

నెల్లూరుదాకా ఒక బస్సు, అక్కడి నుంచి సంగం ఇంకొకటి. ఈ మోకాలితో రెండు బస్సులు ఎక్కి దిగేసరికి ప్రాణం కడగట్టింది. మా తమ్ముడు అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాడు. జుట్టు నాకంటే ఎక్కువ నెరిసింది. కుశలప్రశ్నలయ్యాక, మాట ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, టాబ్లెట్టు తీసి, ఆ గ్రీను చూపించి, ఇది ఎటు పల్లంరా అని అడిగాను. వాడు చెయ్యి తుడుచుకుని, దాన్ని ముట్టకుండానే తల అడ్డంగా ఊపాడు.

“నాకేం తెలుసన్నా. నాకు మట్టం రాదు గదా” అన్నాడు. కష్టంగా కూడా అనలేదు. నాకు కారం పడదు అన్నంత మామూలుగా అన్నాడు.

ఇక ఆగలేకపోయాను. పిట్టగోడ సంగతి, దారం సంగతి, ఆ పూట వాడు చెప్పిందంతా నిజమేననీ, తప్పంతా నాదేననీ, గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. చెబుతున్నంతసేపు వాడి వేళ్లు చింతపండులోనే ఉన్నాయి. చెప్పటం అయిపోయాక తలెత్తి, బడిలో పిల్లవాడు అడిగినట్టు అడిగాడు.

“అంటే ఆ పొద్దు నేను చెప్పిందే కరెక్టాన్నా?”

అవునన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ అవునన్నాను. వాడు లోపలికి తిరిగి, ఏమ్మే, ఇట్రా, అన్న ఏమంటా ఉండాడో ఇను అని పెళ్లాన్ని పిలిచాడు. మా మరదలు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. మళ్లీ చెప్పన్నా అన్నాడు. ఆమె ముందర మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆ తరువాత నెల్లూరులో ఉద్యోగం చేస్తున్న కొడుక్కు ఫోను కలిపి, పెదనాయన మాట్లాడతాడు అని నా చెవికి ఆనించాడు. మూడోసారీ చెప్పాను. ఒక్కోసారి చెబుతుంటే ఒక్కో కోత కోసినట్టుంది, అయినా వాడు ఇంకో పదిమందికి చెప్పమన్నా చెప్పేవాణ్ణి. తిడతాడనుకుని వచ్చాను. తిడితే తేలికయ్యేది. మా మరదలు మాత్రం, కళ్లు తుడుచుకుని, ఒక్క మాట అంది.

“ఇన్నేళ్లు ఈ మనిషి ఇంట్లో మేకు కొట్టాలన్నా భయపడినాడు బావగారూ.”

ఆ మాటతో లోపలికి పోయింది. చేపల పులుసు చేసి అన్నం పెట్టింది, తిన్నాను. తినేటప్పుడు మా తమ్ముడు, ఇప్పుడు చెప్తే నేనేం చేసుకునేదన్నా అన్నాడు, నెమ్మదిగా, నిష్ఠూరం లేకుండా, నిజంగానే తెలియక అడుగుతున్నట్టు.

సాయంత్రం బస్సు ఎక్కించటానికి నాతో వచ్చాడు. వాళ్ల వీధి చివర కొత్తగా సిమెంటు రోడ్డు వేశారు, ఇంకా దాని మీద గడ్డి పరిచి తడుపుతున్నారు. వాడు నడుస్తూ నడుస్తూ ఆగిపోయాడు. రోడ్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్లీ రోడ్డు వైపు చూశాడు. గొంతు తగ్గించి, ఎవరైనా వింటారేమోనన్నట్టు అన్నాడు.

“ఈడ వాటం తప్పినారన్నా. వానొస్తే నీళ్లు కాలవలోకి పోవు, ఈణ్నే నిలబడతాయి.”

అవునబ్బయా, తప్పినారు అన్నాను. నేను రోడ్డు వైపు చూడలేదు. చూడకుండానే అన్నాను.

ఇప్పటి మేస్త్రీలు ఒక యంత్రం తెచ్చి మిద్దె మధ్యలో పెడతారు, అది నాలుగు గోడల మీదా ఎర్రటి వెలుగు గీత వేస్తుంది, దాన్ని బట్టి గచ్చు వేసుకుంటూ పోతారు. ఎవరూ ఏ మూలకూ నడవక్కర్లేదు, ఎవరూ వంగి చూడక్కర్లేదు, తప్పొస్తే యంత్రాన్ని అంటారు గానీ పక్కవాడి కన్నును అనరు. మంచిదే. నాకు వాళ్ల మీద కోపం లేదు, ఆ పాత పద్ధతులే గొప్పవని వాదించే ఓపికా లేదు. మాకు ఆ యంత్రం లేనందువల్ల జరిగింది కాదిది. అన్నదమ్ములం కలిసి వెయ్యాల్సిన మిద్దెలు ఇంకెవరో వేశారు, వాటి మీద ఎన్నో వానలు పడ్డాయి, పోయాయి. నేను మెట్లెక్కలేను, వాడికి అరవై దాటాయి. వాడి కన్ను వాడికి తిరిగొచ్చింది, నిజమే. దాంతో చూడటానికి ఇప్పుడు వాడికి మిద్దె లేదు.